పలనాటి వీరగాథయుఁ జలనచిత్రగానమును

రొంపిచెర్ల గ్రామము నరసరావుపేటకుఁ బడమటఁ గలదు. దానికి వాయవ్యమునఁ గార్యమపూఁడియు, నైరృతమున వినుకొండయు నున్నవి. 2022 వ సంవత్సరమున నేర్పడిన పల్నాడు జిల్లాలో నీ యూళ్లన్నియుఁ జేరినవి. కార్యమపూఁడి పలనాటి వీరులు పోరి మడిసిన తావు. వినుకొండ వల్లభరాయని పేరితోఁ గలిసి సాహిత్యమున నిలిచినది. నరసరావుపేట టాకీ లాడిన పట్టణము. కావున రొంపిచెర్ల చుట్టుపట్ల నివసించువారికి నొక్కటే కథ మూఁడు తెఱఁగుల నందుబాటున నుండెను: వీరుల గుడియొద్ద విద్యావంతుల పాటగా, కావ్యమున వర్ణనగా, తెరపైఁ జలనచిత్రగానముగా. మొదటి రెంటినిగూర్చి పండితులు చాలవ్రాసిరి. మూఁడవదానిని సాహిత్యచరిత్రకారులు తమ పరిధిలోని దానినిగా నెంచమి సరి కాదు. ఏలయన, పాట యెట్లు పుట్టును, ఎవ్వనిచేతఁ బుట్టును, పుట్టినపిదప నెవ్వని సొత్తగును అను ప్రశ్నలు మూఁడింటికిని సమానములే.

గానమునకుఁ దొలి సాక్ష్యము క్రీడాభిరామము. ఈ వీథినాటకము వల్లభరాయ కృతమని కొందఱును, శ్రీనాథకృతమని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగువారును దలంచిరి. ఆ వాదమునకిచటఁ బని లేదు. అందొక స్త్రీ యోరుగంటి వీథిలో వీరుల సైన్యమును ద్విపదప్రబంధముగాఁ బాడును. తాళము ద్రుతము, వాద్యము చేతనున్నది, యతి తప్పదు. వినుచున్న కుఱ్ఱవాండ్రు ప్రతి యక్షరమునకును నూఁగిపోవుదురు. కవి యిచట నాలుగు సంగతులను దెలిపినాఁడు: ఛందస్సు, లయ, వాద్యము, శ్రోత. చలనచిత్రగానమును విమర్శించువారు నేఁటికిని నీ నాల్గింటినే విమర్శింపవలసియున్నది. ఐదవది యొక్కటి క్రొత్తగా వచ్చి చేఱినది. అది యంత్రము.

పలనాటి యుద్ధము క్రీ. శ. 12 వ శతాబ్ది చివరి పాదమున, 1182 ప్రాంతమున జరిగెనని చరిత్రకారు లందురు. గురజాలయందు నలగామరాజు, మాచెర్లయందు మలిదేవుఁడు. వారి వెనుక నొకవంక నాయకురాలు నాగమ్మ, వేఱొకవంక బ్రహ్మనాయఁడు. కార్యమపూఁడిలోఁ గార్తికామావాస్య మొదలుకొని యైదుదినములు వీరుల తిరునాళ్లు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని యా దినములకుఁ బేళ్లు. కథలోని ఘట్టములే పండుగ దినములకుఁ బేళ్లగుట గమనింపఁదగినది. అనఁగా నచటి గాయకునకుఁ గాలమానము గడియారమున లేదు; కథయందే కలదు. ఒక ఘట్టము రాత్రియంతయుఁ బాడవచ్చును. పాడువారు విద్యావంతులు. వీరిలోఁ బలువురు మాలలు. బ్రహ్మనాయఁడు చాపకూటిని బెట్టి కన్నమదాసును సేనానిగాఁ జేసికొన్న కథకు వారే వారసులై యుండుట సహజముగ నున్నది.

శ్రీనాథుని పేర నున్న పలనాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతవిద్యాశేఖరులు 1911 లోఁ బ్రకటించిరి. అది మంజరీద్విపద, అనఁగాఁ బ్రాసనియమము లేని ద్విపద. ద్విపదపాదమునకు మూఁడింద్రగణములును నొక సూర్యగణమును లక్షణము. ఇంద్రగణములలో నలమునకును భగణమునకును నాలుగేసి మాత్రలు. నగము, సలము, రగణము, తగణము అను నాల్గింటికిని నైదేసి. సూర్యగణము మూఁడుమాత్రలది. కావునఁ బాదము పదునైదు మొదలు పదునెనిమిది మాత్రలవఱకుఁ బెరుగుచుఁ దఱుగుచునుండును. చదువునపు డీ హెచ్చుతగ్గులే సొంపు. తాళమునఁ బాడునపుడు మాత్రము వీనిని సరిపెట్టవలయును. ఖండగతిని బాడినచో గణమునకైదు చొప్పున నిరువది యక్షరకాలములు వచ్చును. నాలుగుమాత్రల గణమున నొక మాత్రను, చివరి సూర్యగణమున రెండుమాత్రలను గాయకుఁడు సాగఁదీయును. లేదా నొక యూఁతపదముతో నింపును. జానపదగాయకుల పాటలలో మాటిమాటికి వినవచ్చు 'ఓ', 'ఆహా' మొదలగునవి పనిలేక వచ్చినవి కావు. మాట నర్థముచెడకుండఁ గాచి, కాలమును నింపుటకు వచ్చినవి. ఈ సూక్ష్మమును గుర్తెఱిఁగినచో, చలనచిత్రమున బాణీ కట్టువానికి నెదురగు చిక్కు చాలవఱకు బోధపడును.

తెలుఁగు టాకీ 1932 ఫిబ్రవరి 6 న విడుదలయైన భక్తప్రహ్లాదతో నారంభము. హెచ్. ఎం. రెడ్డి దర్శకుఁడు, సురభివారి నాటకము మూలము, చందాల కేశవదాసు పాటలు వ్రాసెను. నాటకశాలలోని గానమే యంత్రము ముందునకు వచ్చెనని చెప్పిన సరిపోవును. నటుఁడు ఛాయాగ్రాహకయంత్రమున కెదురుగ నిలిచి తానే పాడును. వాద్యకులు తెరకుఁ గనఁబడనిచోటఁ గూర్చుందురు. మైకు తలపై వ్రేలాడును. ఎవ్వఁడేని యపస్వరమును బలికినను, మాట తొట్రుపడినను, మరల మొదటినుండి. కావున నాఁటి నటునకు రూపముకంటె ముందుగఁ గంఠము కావలసి యుండెను. పాడుచుఁ గదలినచో ధ్వని తగ్గును. కదలకున్నచో నటన తగ్గును. 1935 లోఁ గలకత్తా న్యూ థియేటర్సువారి 'ధూప్ ఛావ్' చిత్రమున నితిన్ బోసు, సంగీతజ్ఞుఁడగు ఆర్. సి. బొరాల్ తోఁ గలసి, పాటను ముందుగ రికార్డు చేసి, తరువాత నటుఁడు పెదవులు కదుపునట్లు చిత్రించెను. ప్లేబాక్ అను నీ పద్ధతి తెలుఁగునందు 1940 తరువాత మెల్లమెల్లఁగ వేళ్లూనెను. అయినను నాగయ్య, కన్నాంబ, భానుమతి, ఎస్. వరలక్ష్మి మొదలగువారు తమ పాటలను దామే పాడుచు వచ్చిరి. గాయకుఁడు వేఱు, నటుఁడు వేఱు అనుట ప్రేక్షకునకు వెంటనే రుచింపలేదు.

ఇట్టి సంధికాలమునఁ బలనాటి కథ తెరకెక్కినది. మాలపిల్ల (1938), రైతుబిడ్డ (1939) చిత్రములచేఁ బేరొందిన గూడవల్లి రామబ్రహ్మము పల్నాటియుద్ధమునకుఁ బూనుకొని, చిత్రము ముగియకుండఁగనే 1946 లోఁ గాలధర్మము నొందెను. ఎల్. వి. ప్రసాద్ దానిని బూర్తిచేసెను. 1947 లో విడుదలయైనది. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయఁడు, కన్నాంబ నాగమ్మ, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుఁడు. రచన సముద్రాల రాఘవాచార్యులది. సంగీతము గాలిపెంచల నరసింహారావుది. రామబ్రహ్మము కథను బట్టుకొనుటలో నౌచిత్యమున్నది. హరిజనసమస్యను మాలపిల్లలో వర్తమానముగాఁ జూపినవాఁడు, చాపకూటి కథలో దానినే పూర్వచరిత్రగాఁ జూడఁగోరుట వింత గాదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1926 లోనే నాయకురాలు నాటకమును రచించియుండిరి. కథ జనుల నోట నుండెను, పుస్తకమున నుండెను, నాటకమున నుండెను. పాట యొక్కటియే క్రొత్తగాఁ గట్టవలసి వచ్చినది.

కట్టుట యెట్లు? చలనచిత్రపు పాటకు మొదటి బీజము పాటయందు లేదు, సన్నివేశమునందుండును. దర్శకుఁడు కథనుజెప్పి, యిచట నిట్టివాఁడు, ఇట్టి మనోభావముతో, నింతసేపు పాడవలయునని తెలుపును. సంగీతదర్శకుఁడు హార్మోనియము ముందుఁ గూర్చుండి బాణీలను వినిపించును, కవి ప్రక్కనుండును. దర్శకుఁ డొక బాణీని మెచ్చినపిదపఁ బల్లవి, యనుపల్లవి, చరణములు కుదురును. పల్లవికిని జరణమునకును నడుమ వాద్యముల పని యుండును. తెరపై నటులు కదలుటకును, దృశ్యము మాఱుటకును నదియే యవకాశము. సహాయకుఁడు స్వరములు వ్రాసికొని వాద్యకులకుఁ బంచును. అభ్యాసము ముగిసినపిదప రికార్డింగు. 1947 నాఁటి పద్ధతిలో ధ్వనియు ఫిల్ముమీఁద వెలుఁగుగుర్తుగానే పడుచుండెను; కడిగి యచ్చు తీసినఁగాని పాట యెట్లు వచ్చెనో తెలియదు. గాయకుఁడును వాద్యకులందఱును నేకకాలమునఁ బాడి వాయింపవలసినదే. ఆ మీఁదట షూటింగు, అటుపిమ్మటఁ గూర్పు, తుదకు మాటల నడుమను, బోరుల నడుమను వినవచ్చు నేపథ్యసంగీతమునకు రీరికార్డింగు. ఈ కడపటిపని సామాన్యశ్రోతకుఁ దెలియనే తెలియదు. కాని యుద్ధకథకు దానికంటె ముఖ్యమైనది లేదు.

కాలమానమును జూడుఁడు. ఫిల్ము నిమిషమునకుఁ దొంబది యడుగుల వేగమునఁ బరుగెత్తును. వేయి యడుగుల రీలు పదునొకండు నిమిషములలో ముగియును. గ్రామఫోను రికార్డు, పది యంగుళములది, ప్రక్కకు మూఁడు నిమిషములకు మించి పాడదు. పాట బయట నమ్ముడుపోవలెనన్న నీ మూఁడు నిమిషములలో నిముడవలయును. లేకున్న రెండు ప్రక్కలకుఁ జీల్పవలయును. కార్యమపూఁడిలో రాత్రి తెల్లవాఱ సాగు బాలచంద్రుని యుద్ధయాత్ర యిచట రెండుచరణముల పాట యగును. దీనిని గొందఱు క్షీణత యందురు. అది తొందరపాటు మాట. చాటుపద్యము నాలుగు పాదములలో ముగియుటచేఁ గావ్యముకంటె నీచమని యెవ్వఁడును జెప్పఁడు. కాని కథాగానమున విస్తరమే ప్రాణము. ఒకే వాక్యమును మరల మరలఁ జెప్పుటచేఁ గలుగు నావేశము, శ్రోతలు నడుమ నందుకొను వంత, మూఁడు నిమిషములలో రావు. రాకపోవుటను సంగీతదర్శకుని నేరముగాఁ జెప్పరాదు. పాత్ర యొక్కటియే మాఱినది. అందు పోయఁబడినది గూడ మాఱక తప్పదు.

'సంగీతదర్శకుఁడు' అను పదమునుగూర్చి యొకమాట. దృశిధాతువునకు ణిచ్చువచ్చి, దర్శయతి యను నర్థమున దర్శకశబ్ద మేర్పడినది, చూపువాఁడని యర్థము. సంగీతమును జూపుట యెట్లో శాబ్దికుఁడు చెప్పఁజాలఁడు. వినిపించువాఁడు శ్రావకుఁడు కావలయును. కాని రూఢి యోగమును మ్రింగును. శ్రావకశబ్దము జైనగృహస్థులయందు రూఢమై యుండుటచే నదియుఁ జిక్కే. ఉన్నపదమే మేలు.

పదముకంటెఁ బదార్థము ముఖ్యము. 13 వ శతాబ్దిని దేవగిరి యాదవుల కొలువున నుండిన శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమున వాగ్గేయకారలక్షణమును జెప్పెను. గేయమునందలి మాటలకు మాతువనియు, స్వరస్వరూపమునకు ధాతువనియుఁ బేళ్లు. ఇది భ్వాదులలోని ధాతువు గాదని వేఱుగఁ జెప్పనక్కఱలేదు. రెంటిని గల్పింపఁగలవాఁడు వాగ్గేయకారుఁడు. అన్యులు కట్టిన ధాతువునకు మాతువును గూర్చువానిని శార్ఙ్గదేవుఁడు కుట్టికారుఁడనెను. చిత్రసీమలో 'బాణీకిఁ బాటయా, పాటకు బాణీయా' యని యెడతెగక సాగు వివాదమంతయు నీ యొక్క పదమునందున్నది. ముందు బాణీ కట్టి, పిదపఁ గవిచే మాటలు వ్రాయించు పద్ధతి ప్రబలినకొలఁది, సంస్కృతలక్షణకారుని లెక్కలోఁ గవి కుట్టికారుఁడగును. ఆ పేరు విని కవులు చిన్నఁబుచ్చుకొనుట కలదు. కాని త్యాగరాజు, క్షేత్రయ్య వంటి వారితోఁ బోల్చి యీ తారతమ్యము చెప్పుట తగదు. వారు తమ భక్తికిఁ దామే మాటయు స్వరమును వెదకికొన్నవారు. చిత్రగీతకర్త యితరుఁడు కల్పించిన పాత్రకై, యితరుఁడు కొలిచియిచ్చిన కాలమున, నితరుని స్వరమునకు మాటలు కూర్చును. నాలుగు కట్టులలో నడచుచు నర్థమును రసమును జెడనీయనివాఁడు, కుట్టికారుఁడైనను, తక్కువవాఁడు కాఁడు. వృత్తమునందు యతిప్రాసల నడుమ వ్రాయు కవిని దక్కువవానిగా నెంచుచున్నామా?

అయినను దోషములున్నవి, వానిని జెప్పకపోరాదు. మొదటిది పదవిచ్ఛేదము. తాళఘాతము పదమధ్యమునఁ బడి, విరామము తప్పుచోట వచ్చినచో, 'వీరుఁడు వచ్చెను' అనునది 'వీరుఁ – డువచ్చెను' అని వినఁబడును. రెండవది హ్రస్వదీర్ఘవ్యత్యయము. తెలుఁగున హ్రస్వమును సాగఁదీసిన నర్థమే మాఱును. 'పలు' 'పాలు' అగును. 'పడి' 'పాడి' యగును. 'కల' 'కాల' యగును. పూర్వగాయకులు గణమున లోపించిన మాత్రను నూఁతపదముతో నేల నింపిరో యిపుడు తేటపడును. ఎనిమిది మాత్రల నడక యందు బాణీ ముందే స్థిరపడియున్నచో, నైదుమాత్రల గణములు గల దేశీఛందస్సు దానిలో నొదుగుటకు మెడ వంచుకొనవలయును. మూఁడవది శ, ష, సలకును, అల్పప్రాణ మహాప్రాణములకును భేదము చెడుట. మైకు పుట్టినపిదప గాయకుఁడు గొంతెత్తి యఱవనక్కఱలేదు. కావున నుచ్చారణ మెఱుఁగుపడవలసినది. ఘంటసాల వేంకటేశ్వరరావునందు మెఱుఁగుపడినది కూడ. విజయనగరసంగీతకళాశాలలో జదివి, 1942 ఉద్యమమునఁ జెఱసాలకుఁ బోయివచ్చి, సముద్రాలవారి యూఁతతో మదరాసు చేరిన యీతఁడు, గాలిపెంచలవారికి బాలరాజు (1948) చిత్రమున సహాయకుఁడుగా నుండి, మఱుచటియేఁటనే కీలుగుఱ్ఱము, మనదేశము చిత్రములకు స్వయముగా సంగీతమును గూర్చెను. రంగస్థలమున రాగాలాపనలో మునిఁగిపోయిన పద్యము నీతఁడు మాటలు స్పష్టముగఁ దెలియునట్లు, కొలఁదిపాటి రాగముతోఁ బాడెను. కరుణశ్రీగారి పద్యము లాతని గొంతున నింటింటికిఁ జేరినవి. ద్విపదకట్టి పరిష్కర్త లభించెనా యనిన, లభింపలేదనియే చెప్పవలసియున్నది.

కర్తృత్వము విషయమునఁ జిత్రగానమెంత చిక్కుపడినదో 1957 నాఁటి మాయాబజారు చూపును. సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకొనెను. ఘంటసాల వానికి వాద్యసమ్మేళనమును గూర్చి రికార్డు చేసి, తక్కినవానిని దానే కట్టెను. మాటలు పింగళి నాగేంద్రరావువి. ఒక్కపాటకుఁ బింగళి మాతుకర్త, సాలూరి ధాతుకర్త, ఘంటసాల సమ్మేళనకర్తయు గాయకుఁడును. శార్ఙ్గదేవుని విభాగములు చాలవు. ఈ రాజేశ్వరరావే 1966 లో గుత్తా రామినీఁడు దర్శకత్వమున, ఎన్. టి. రామారావు బ్రహ్మనాయఁడుగా, భానుమతి నాగమ్మగా వచ్చిన రెండవ పల్నాటియుద్ధమునకు సంగీతము గూర్చెను. పందొమ్మిదేండ్ల నడుమ మదరాసు స్టూడియోలకు అయస్కాంతపు టేపు వచ్చియుండెను. రికార్డు చేసిన పాటను గడిగి యచ్చు తీయకయే వెంటనే వినవచ్చును. నచ్చనిచోఁ జెఱపి మరలఁ బాడవచ్చును. తరువాతికాలమున బహుమార్గధ్వనిలేఖనము, కంప్యూటరు వచ్చి, గాయకుఁడొకనాఁడును, వయొలినులు వేఱొకనాఁడును, వేర్వేఱు నగరములందును బలికి, పాట యొకచోటఁ గూర్పఁబడుచున్నది. జతగాఁ బాడిన యిరువురు గాయకు లొకరి మొగ మొకరు చూడకపోవుటయుఁ గలదు.

ఈ నడుమ నింకొక మార్గము నుండెను. గుంటూరు మండలపు పొన్నెకల్లు గ్రామస్థుఁడు షేక్ నాజరు పల్నాటియుద్ధమును బుఱ్ఱకథగాఁ జెప్పి యూరూర వినిపించెను. 1953 నాఁటి పుట్టిల్లు, 1954 నాఁటి అగ్గిరాముఁడు చిత్రములలో నాతని బుఱ్ఱకథ తెరకును నెక్కినది. తంబుర, గుమ్మెటలు, వంతలు యథాతథముగ యంత్రము ముందునకు వచ్చినవి. అయినను నంతటి కథకునకుఁ దెరపై దొరకినది కొలఁది నిమిషములే. బయట రాత్రులు, లోపల నిమిషములు.

ఇఁక సొత్తుమాట. 1957 నాఁటి కాపీరైటు చట్టము ననుసరించి, చిత్రమునకై పైకమిచ్చి పాటను గట్టించుకొన్న నిర్మాతయే మొదటి హక్కుదారుఁడని 1977 లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. కవియు సంగీతకారుఁడును దమ పాట యెన్నిమాఱులు మ్రోగినను గూలి పుచ్చుకొని వెడలిన పనివారితో సములైరి. 2012 లోఁ జట్టమును సవరించి, గీతకర్తకును సంగీతకర్తకును రాయల్టీలోఁ బాలును, విడువరాని హక్కుగా నిచ్చిరి. శార్ఙ్గదేవుని మాతుకారునకును ధాతుకారునకును గూడ నీ విధముగ శాసనమున గుర్తింపు వచ్చినది. అయితే యీ చట్ట మెఱుఁగునది పేరును దేదియుఁ గల కర్తను మాత్రమే. పలనాటి వీరుల కథను శతాబ్దములుగాఁ గాచిన విద్యావంతున కిట్టి పేరు లేదు. జీన్ రోఘెయిర్ అను నమెరికా పండితుఁడు కథాగానమును బూర్తిగ రికార్డుచేసి, యాంగ్లానువాదముతో 1982 లోఁ బ్రకటించునపుడు, పాడినవాఁడు ఆలిసెట్టి గాలెయ్య యని గ్రంథమునఁ బేర్కొనెను.